ఎండకు వెల లేదు, వడ్డీకి కలదు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఇరువదియైదేండ్ల క్రిందట ఈ గ్రంథాలయము పంచాయతీ కార్యాలయపు వసారాలో రెండు బీరువాలతో ఆరంభమైన సాయంకాలమున నేనును ఒక మూల నిలుచుండి చూచినవాడను. సభ మొదలు కాగానే కరెంటు పోయినది. పెట్రోమాక్సు దీపము తెప్పించి దాని వెలుగులో ఉపన్యాసములు ముగించితిమి. ఈనాడు కార్యదర్శిగారు నన్ను కరెంటును గూర్చియే మాటాడుమని కోరినప్పుడు ఆ పెట్రోమాక్సు దీపము జ్ఞప్తికి వచ్చినది.

వారు కోరుటకు వేరొక కారణము గలదని మీరెఱుగుదురు. మన ఊరికి తూర్పుననున్న మెట్టభూములను సౌరవిద్యుత్ కేంద్రము కొఱకు 30 ఏండ్ల కౌలుకు ఇత్తురా యని నిరుటినుండి మనుష్యులు వచ్చి పోవుచున్నారు. ఇత్తుమనెడివారును, ఇవ్వరాదనెడివారును అరుగులమీద వాదించుకొనుచున్నారు. ప్రభుత్వము ఈ కంపెనీలకు ఊరక ధనము పంచిపెట్టుచున్నదని కొందఱు, ఎండ ఊరకనే వచ్చును గనుక కరెంటును ఊరకనే రావలెనని కొందఱు అనుచున్నారు. నేను కళాశాలలో అర్థశాస్త్రము చెప్పి విశ్రాంతి తీసికొన్నవాడను. యంత్రముల సంగతి నాకు తెలిసినది స్వల్పము. అయినను ఈ రెండు మాటలలోను పొరపాటు ఎచ్చటనున్నదో లెక్క వేసి చూపగలననుకొందును.

మొదట బావి సంగతి ఆలోచింపుడు. ఎద్దులబండి కొన్నవాడు కొన్నప్పుడు కొంత ధనము పెట్టును; తరువాత దినదినమును ఎద్దులకు మేత వేయవలెను. బండి నిలిచిపోయిన దినమున మేత ఖర్చు కొంత తగ్గించుకొనవచ్చును. బావి త్రవ్వించినవాని సంగతి అట్లు కాదు. వాని ఖర్చంతయు మొదటనే ఉన్నది. ఊట పడిన తరువాత నీరు ఊరకనే వచ్చును. అయినను ఆ నీటికి వెల యేమి అని వానిని అడిగినచో, 'బావికి తెచ్చిన అప్పు, దానిమీది వడ్డీ' అని చెప్పును. బొగ్గు కేంద్రము ఎద్దులబండి వంటిది. యూనిట్టు యూనిట్టుకును బొగ్గు కొని కాల్చవలెను. సౌరకేంద్రము, గాలిమర బావి వంటివి. ఎండకు వెల లేదు, గాలికి వెల లేదు; వానిని పట్టుకొను సాధనములకు మొదటనే వెల చెల్లింపవలెను. ఆ ధనములో పెద్ద భాగము అప్పుగా తెచ్చినదే.

ఇప్పుడొక చిన్న లెక్క. ఒక మెగావాట్టు సౌరకేంద్రమునకు 4 కోట్ల రూపాయలు పట్టుననుకొందము. లెక్క సులభమగుటకై చెప్పుచున్న అంకె ఇది. మన ప్రాంతపు ఎండకు అది ఏడాదికి 17 లక్షల యూనిట్లు ఇచ్చుననుకొందము. ఆ 4 కోట్లను అసలుతోను వడ్డీతోను 25 ఏండ్లలో సమాన వాయిదాలుగా తీర్చవలెను. సాలుకు నూటికి 8 వంతున, అనగా మన భాషలో నెలకు 66 పైసల వడ్డీకి, అప్పు దొరకినచో సాలుకు 37 లక్షల 50 వేల రూపాయలు కట్టవలెను; యూనిట్టుకు పడునది 2 రూపాయల 20 పైసలు. అదే కేంద్రమునకు, అదే ఎండకు, రూపాయి వడ్డీకి అప్పు తెచ్చినచో సాలుకు 51 లక్షలు కట్టవలెను. యూనిట్టుకు 3 రూపాయలు పడును. నిర్వహణ ఖర్చు రెండింటికిని ఒక్కటే. ఎండ మారలేదు, పలక మారలేదు, భూమి మారలేదు. నెలకు 34 పైసల వడ్డీ తేడా యూనిట్టు ధరను 80 పైసలు పెంచినది.

అప్పిచ్చువాడు వడ్డీ ఎప్పుడు పెంచును? సొమ్ము తిరిగి వచ్చునా యను సందేహము కలిగినప్పుడు. కాబట్టి బావి వంటి ఈ వ్యాపారములో ప్రభుత్వము చేయగల గొప్ప సహాయము రొక్కము పంచుట కాదు, సందేహము తీర్చుట. 'ఈ కరెంటును ఇన్నేండ్లు, ఈ ధరకు కొందుము, నెలనెలా డబ్బు చెల్లింతుము' అను మాట గట్టిగా నిలుచునట్లు చేయుట. ఆ మాటకు రాత పత్రమే విద్యుత్ కొనుగోలు ఒప్పందము. దానిని చూచియే బ్యాంకు అప్పిచ్చును.

ఈ పద్ధతిని పెద్దయెత్తున నడిపి చూపినది జర్మనీ దేశము. అక్కడ 2000 సంవత్సరము ఏప్రిల్ 1వ తేదీనుండి అమలులోనికి వచ్చిన శాసనము ప్రకారము, ఎవరు సౌరఫలకములు పెట్టి కరెంటు తయారుచేసినను దానిని తీగలలోనికి తీసికొని 20 ఏండ్లు నిర్ణీత ధర చెల్లింపవలెను. సౌరవిద్యుత్తునకు మొదటి ధర యూనిట్టుకు 99 ఫెన్నింగులు. అది మిక్కిలి హెచ్చు ధర. ఆ హెచ్చును ఖజానా భరింపలేదు. వాడుకదారుల బిల్లులలో ప్రత్యేకపు రుసుముగా వేసిరి. 2017లో ఆ రుసుము యూనిట్టుకు 6.88 యూరో సెంట్ల వఱకు పోయినది. పెద్ద పరిశ్రమలకు చాలవఱకు మినహాయింపు ఇచ్చిరి గనుక బరువు గృహస్థులమీదను చిన్న వ్యాపారులమీదను పడినది. 2022 జూలైలో ఆ రుసుమును ఎత్తివేసి ఖజానాకు బదలాయించిరి.

జర్మను గృహస్థుడు కట్టిన ఆ సొమ్ము ఏమైనది? కొంత లాభముగా పోయినది, నిజమే. కాని ఆ గిరాకిని చూచి కర్మాగారములు వెలసినవి. చైనాలో మఱింత పెద్దవి వెలసినవి. ఫలకముల తయారీ ఇనుమడించిన ప్రతిసారియు వాని ధర సుమారు ఐదవవంతు తగ్గుచు వచ్చినదని ఈ రంగమును పరిశీలించినవారు చెప్పుదురు. జర్మను గృహిణి తన బిల్లులో కట్టిన చిల్లర, మన మెట్టభూములలో నేడు చౌకగా దొరకు పలక రూపమున మనకు చేరినది. ఆమెకు మనము కృతజ్ఞతాపత్రము వ్రాయలేదు గాని వ్రాయదగినదే.

మన దేశము 2010 జనవరిలో జవహర్‌లాల్ నెహ్రూ జాతీయ సౌర మిషనును ఆరంభించినది. 2022 నాటికి 20,000 మెగావాట్లు అనునది తొలి సంకల్పము. 2015లో దానిని లక్ష మెగావాట్లకు పెంచిరి. మనవారు జర్మనీ త్రోవ పూర్తిగా పట్టలేదు. ధరను ప్రభుత్వమే నిర్ణయించుటకు మాఱుగా, ఎవరు తక్కువకు ఇత్తురో వారికే ఒప్పందమని టెండరు పెట్టిరి. కేంద్ర విద్యుత్ నియంత్రణ మండలి లెక్కగట్టిన ధర 17 రూపాయల 91 పైసలు ఉండగా, 2010 చివరి తొలి విడతలోనే 10 రూపాయల 95 పైసలనుండి 12 రూపాయల 76 పైసల వఱకు కోరినవారు వచ్చిరి. ఆ ఖరీదైన కరెంటును చౌకయైన బొగ్గు కరెంటుతో కలిపి పంపిణీ సంస్థలకు అమ్మిరి. పాలలో నీరు కలిపినట్లు గాక, నీటిలో పాలు కలిపినట్లని నేను తరగతిలో చెప్పెడివాడను.

తరువాతి దిగుడు మీరెఱిగినదే. 2015 నవంబరులో మన కర్నూలు జిల్లా సౌర పార్కు కొఱకు పిలిచిన 500 మెగావాట్ల టెండరులో ధర 4 రూపాయల 63 పైసలకు దిగినది. అంత తక్కువకు ఎట్లు ఇత్తురని నాడు ఆశ్చర్యపడిన మాట వాస్తవము. దానిని గెలిచిన అమెరికా కంపెనీ మఱుసటి యేడు ఏప్రిల్‌లో దివాలా రక్షణ కోరినది. ఆ పని చేతులు మాఱినది. 2017 మేలో రాజస్థానములోని భడ్లాలో ధర 2 రూపాయల 44 పైసలైనది. 2020 డిసెంబరులో గుజరాతులో 1 రూపాయి 99 పైసల వఱకు పోయినది. 2022 ఏప్రిల్‌నుండి దిగుమతి ఫలకములమీద నూటికి 40 వంతుల సుంకము వేయగా ధర మరల కొంత పైకి వచ్చినది. ఒక చేత ప్రోత్సాహము, ఒక చేత సుంకము. దేశీయ కర్మాగారముల కొఱకు అని ప్రభుత్వపు సమాధానము. ఆ వాదమునకు మఱియొక సభ కావలెను.

పాణ్యము మండలములోని ఆ సౌర పార్కును మీలో చాలమంది చూచియుందురు. వేయి మెగావాట్లు, ఆరువేల ఎకరములకు దరిదాపు. అక్కడ ప్రభుత్వము చేసిన సహాయమేమి? భూమిని సమకూర్చినది, రోడ్డు వేసినది, సబ్‌స్టేషను కట్టి పెద్ద తీగలు లాగినది. కంపెనీవారు వచ్చి పలకలు పెట్టుకొనిరి. భూమి దొరకునా, తీగ వచ్చునా అను రెండు సందేహములు అప్పిచ్చువానికి తీరినవి. ధర దిగుటలో చైనా కర్మాగారమునకు ఎంత పాలు గలదో దీనికిని తగినంత పాలు గలదు.

రొక్కపు సహాయములోను తేడాలున్నవి. గాలిమరల చరిత్రలో ఆ తేడా చక్కగా కనబడును. 1990ల దశాబ్దములో గాలిమర పెట్టినవాడు దాని వెలనంతయు మొదటి యేటనే తఱుగుదలగా చూపి ఆదాయపు పన్ను తగ్గించుకొను వీలుండెను. అప్పుడే మన సీమలో రామగిరి కొండలమీద మరలు లేచినవి. ఈ రాయితీ మరను నిలిపినందులకు గాని, తిరిగినందులకు కాదు. లాభమున్న యే వ్యాపారియైనను పన్ను తప్పించుకొనుటకై మర కొనవచ్చును. గాలి ఎంత వీచినదన్న విచారము వానికి అంతగా ఉండదు. 2009 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వము వేరొక పద్ధతి తెచ్చినది: తీగలలోనికి పంపిన ప్రతి యూనిట్టుకును 50 పైసలు. మర తిరిగిననే పైసలు. ఖజానా దృష్టిలో రెండును సహాయములే. కాని ఒకటి పెండ్లికి కట్నము వంటిది, ఒకటి పనికి కూలి వంటిది. కట్నపు పద్ధతిని 2012లో ఆపిరి, 2014లో మరల తెచ్చిరి, 2017 ఏప్రిల్‌నుండి సగమునకు తగ్గించిరి. ఆపుట, తెచ్చుట అను ఆటలో మరలు కట్టువారు ఒక యేడు పరుగెత్తి ఒక యేడు చతికిలబడిరి.

ఇక మన రాష్ట్రములో 2019లో లేచిన తగవునకు వచ్చెదను. మీరు ఎక్కువగా వినగోరునది ఇదియే.

అంతకు పూర్వము గాలి విద్యుత్తునకు రాష్ట్ర నియంత్రణ మండలి నిర్ణయించిన ధర 4 రూపాయల 84 పైసలకు దరిదాపుగా నుండెను. టెండరు లేదు, ఆ ధరకు 25 ఏండ్ల ఒప్పందములు చేసికొనిరి. ఇంతలో 2017లో గాలి విద్యుత్తునకును దేశమున టెండర్లు మొదలైనవి. ఫిబ్రవరిలో 3 రూపాయల 46 పైసలు, డిసెంబరులో గుజరాతులో 2 రూపాయల 43 పైసలు. ప్రక్కయింటివాడు 2 రూపాయల 43 పైసలకు కొనుచుండగా మనము 4 రూపాయల 84 పైసలు ఏల కట్టవలెనని కొనువానికి తోచుట సహజము. పైగా పంపిణీ సంస్థలు అప్పులలో మునిగియున్నవి. గాలి కరెంటు కొన్నప్పుడు బొగ్గు కేంద్రమును తగ్గించి నడుపవలెను. కాని ఆ కేంద్రమునకు కట్టవలసిన స్థిరరుసుము తగ్గదు. తగ్గునది బొగ్గు ఖర్చు మాత్రమే. అనగా ఎద్దులకు మేత కొంత మిగులును గాని ఎద్దులకొఱకు తెచ్చిన అప్పు తీరదు. ఈ లెక్క నిజమైనదే. దానిని కంపెనీల పక్షమువారు తేలికగా త్రోసిపుచ్చుట న్యాయము కాదు.

2019 జూలై 1వ తేదీన రాష్ట్ర ప్రభుత్వము ఈ ధరలను తగ్గింప చర్చించుటకు ఉన్నతస్థాయి సంఘమును నియమించినది. కేంద్ర విద్యుత్ శాఖ అట్లు చేయవలదని లేఖలు వ్రాసినది. కంపెనీలు హైకోర్టుకు పోయిరి. సెప్టెంబరు 24వ తేదీన ఏకసభ్య ధర్మాసనము ప్రభుత్వపు ఉత్తర్వును కొట్టివేసి, తగవును నియంత్రణ మండలికి పంపి, అంతవఱకు గాలికి 2 రూపాయల 43 పైసలు, సౌరమునకు 2 రూపాయల 44 పైసలు చెల్లింపుడని చెప్పెను. 2022 మార్చి 15వ తేదీన ద్విసభ్య ధర్మాసనము, వ్రాసికొన్న ధరయే చెల్లింపవలెనని, బకాయిలు ఆరువారములలో తీర్చవలెనని తీర్పు చెప్పెను. ఇంచుమించు మూడేండ్లు గడచినవి. ఆ మూడేండ్లును అప్పిచ్చిన బ్యాంకులకు వాయిదాలు కట్టవలసియే యుండెను.

ఇందులో నా అభిప్రాయము చెప్పుటకు మన గ్రంథాలయపు తొలి జమాఖర్చు పుస్తకమునే సాక్షిగా పిలిచెదను. సాలుకు 500 రూపాయల వంతున ఐదేండ్లు చందా ఇత్తుమని కొందఱు సంతకములు చేసిరి. ఆ సంతకములు చూపి కార్యవర్గము పట్టణములో అరువు మీద బీరువాలు తెచ్చినది. మూడవ యేట ఒక చందాదారు — పేరు చెప్పను, ముందువరుసలోనే కూర్చుండి నవ్వుచున్నారు — 'ఇప్పుడు బీరువాలు చౌకయైనవి గదా, 200 ఇత్తును' అనిరి. చౌకయైనమాట నిజమే. కాని మన బీరువాలు పాత ధరకు కొన్నవి. మిగిలిన 300 రూపాయలు ఎట్లో సర్దితిమి. సర్దలేనిది వేరొకటి: ఆ దుకాణదారు తరువాత మనకు అరువు ఇవ్వలేదు. రొక్కము బల్లమీద పెట్టినగాని బీరువా కదలదనెను.

స్పెయిన్ దేశములో జరిగినదియు ఇదియే. 2007లో ఉదారమైన ధర ప్రకటించిరి. 2008లో అక్కడ ఎవ్వరును ఊహింపనంతగా సౌరకేంద్రములు లేచినవి. భారము మోయలేక 2010నుండి 2013 వఱకు పాత కేంద్రములకును ధరలు కోసిరి. అంతర్జాతీయ మధ్యవర్తుల యెదుట పదుల సంఖ్యలో దావాలు పడినవి. కోసి మిగుల్చుకొన్నదెంత, పోగొట్టుకొన్నదెంత అను లెక్క ఇంకను తేలలేదు.

కావున తప్పు ఎక్కడ? ఒప్పందమును నిలుపుటలో కాదు, చేసికొనుటలో. ధరలు ఏటేటా దిగుచున్న వస్తువును టెండరు లేక, ఒక్క ధరకు, 25 ఏండ్లకు, పెద్ద మొత్తములో కొనుట కొనువాని తొందరపాటు. కొంచెము కొంచెముగా, విడతలవారీగా, టెండరు పెట్టి కొనవలసినది. ఒకసారి సంతకము చేసిన పిమ్మట ఆ నష్టమును గురుదక్షిణగా భావించి మింగుటయే చౌక. ఇట్లనుట సులభము, బిల్లు కట్టువానికి కష్టము, అని మీరనవచ్చును. ఒప్పుకొందును. కాని నేను మొదట వేసిన లెక్క తలచుకొనుడు: వడ్డీ 66 పైసలనుండి రూపాయికి ఎక్కినచో రాబోవు ప్రతి కేంద్రపు ప్రతి యూనిట్టు 80 పైసలు పెరుగును. పాత ఒప్పందములలో మిగుల్చుకొన్నది కొన్ని కేంద్రములకే. పెరిగిన వడ్డీ అన్నింటికిని. కేంద్రప్రభుత్వము 2022 జూన్‌లో బకాయిలపై ఆలస్యరుసుము నియమములు తెచ్చినది ఈ సందేహమును తగ్గించుటకే. డబ్బు సకాలమున ఇవ్వని పంపిణీ సంస్థకు బయటి విపణిలో కరెంటు దొరకు వీలు అందువలన తగ్గును.

గ్రంథాలయపు కప్పుమీదను ఫలకములు పెట్టింపవలెనని యువకులు నన్నడిగిరి. 2024 ఫిబ్రవరిలో ఆరంభమైన ప్రధానమంత్రి సూర్యఘర్ పథకములో ఒక కిలోవాట్టుకు 30 వేలు, రెండింటికి 60 వేలు, మూడు గాని అంతకు మించి గాని పెట్టినచో 78 వేలు కేంద్రము ఇచ్చునట్లు ప్రకటించిరి. కాని అది నివాసగృహములకు ఉద్దేశించినది, గ్రంథాలయమునకు రాదు. మన గ్రంథాలయములో నాలుగు పంఖాలు, ఎనిమిది దీపములు. సాయంకాలము మూడు గంటలు తెఱచియుండును. బిల్లు స్వల్పము. ఆ ధనముతో పుస్తకములు కొనుడు. ఫలకములు మీ మీ ఇండ్లకు పెట్టుకొనుడు.

ఇక తూర్పు మెట్టభూముల మాట. కౌలు ఇత్తురా, ఇవ్వరా అనునది మీ ఇష్టము. నేను ఒక్క లెక్క ఇచ్చి పోవుదును. మెగావాట్టుకు సుమారు 5 ఎకరములు పట్టుననుకొందము. ఎకరమునకు సాలుకు 30 వేల రూపాయల కౌలు అనుకొన్నచో మెగావాట్టుకు లక్షా 50 వేలు. దానిని 17 లక్షల యూనిట్లకు పంచినచో యూనిట్టుకు 9 పైసలు కూడ పూర్తిగా పడదు. మీరు ఎకరమునకు ఇంకొక 10 వేలు అడిగినచో కంపెనీకి పెరుగునది యూనిట్టుకు 3 పైసలు. వడ్డీలో 80 పైసల తేడా వచ్చు వ్యాపారములో 3 పైసలకు ఎవరును లేచిపోరు. 'ఎక్కువ అడిగిన ప్రక్క ఊరికి పోవుదుము' అని వచ్చినవారు చెప్పుదురు. ప్రక్క ఊరివారికిని ఈ లెక్క చెప్పిరండు.

అడుగవలసినవి మఱికొన్ని కలవు. 30 ఏండ్లు కౌలు ఒకే అంకె మీద నిలుచునా, మూడేండ్లకు గాని ఐదేండ్లకు గాని పెరుగునా? 30 ఏండ్ల పిమ్మట ఇనుప కంబములను, కాంక్రీటు దిమ్మలను ఎవరు పెరికి భూమిని తిరిగి ఇత్తురు? కంపెనీ చేతులు మాఱినచో — పాణ్యములో మాఱినది గదా — క్రొత్తవాడు ఈ కాగితమునకు కట్టుబడునా? రాష్ట్రము కంపెనీకి డబ్బు ఆపినచో కంపెనీ మీకు కౌలు ఆపవచ్చునా? ఈ నాలుగవదానిని మఱువకుడు. 2019 అనుభవము ఉండగా అది ఊహామాత్రపు ప్రశ్న కాదు. ఇంకొక సంగతి సంతకము చేయు పెద్దలతో ప్రత్యేకముగా చెప్పవలెను. కౌలు పట్టాదారుకు వచ్చును. ఆ భూమిని నేడు దున్నుచున్న కౌలుదారునకు, అందులో శనగకాయ పెరుకుటకు పోవు ఆడకూలీలకు ఏ కాగితములోను చోటు లేదు. వారిలో కొందఱు ఈ సభలో వెనుకవైపున నిలుచున్నారు. ఊరు కలిసి బేరమాడినచో వారి పేర కొంత వ్రాయించుట సాధ్యమగును. ఒక్కొక్కరు విడిగా సంతకము చేసినచో సాధ్యము కాదు.

వచ్చినవారు ఇచ్చిన ఒప్పందపు ముసాయిదా ప్రతి నాకు చూపిరి. అది ఆంగ్లములో, సన్నని అక్షరములలో 22 పుటలున్నది. వచ్చే ఆదివారమునకు దాని తెలుగు చేసి తెచ్చెదను. ఈ గ్రంథాలయపు పెద్దబల్ల మీద, పత్రికల ప్రక్కన, గొలుసు వేసి ఉంచుడు. మాసము దినములు అది అక్కడనే ఉండవలెను. అంతవఱకు ఎవ్వరును సంతకము చేయకుండుడు.